పోలండు కత్తులకు లైసెన్సు

మా జిల్లాలో అందరికంటే ప్రమాదకరమైన మనిషిని నేనే. ఇది గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదు. తహశీల్దారు గారి సంతకంతో, గుండ్రటి సీలుతో ఉన్న మాట. ఆ సీలు పడకముందు నేను ఉత్త కడలి అబ్బులుని. పెనుమల్లకోట మ్యూజియంలో రోజుకూలీ మీద పనిచేసే అటెండరుని. తొమ్మిదో తరగతి తప్పాక మళ్లీ బడి గుమ్మం తొక్కలేదు. కాబట్టి ఇందులో తప్పులుంటే అవి నావి. తెలివితక్కువతనం ఉంటే అది చదువుకున్నవాళ్లది.

ముందు మ్యూజియం గురించి చెప్పాలి. పెనుమల్లకోట చిన్నరాజా వారు తెల్లదొరల కాలంలో గుర్రాలు కొనడానికని ఓడెక్కి పోలండు దేశం వెళ్లారు. బేరం కుదరలేదో, సముద్రం పడక చచ్చాయో, మొత్తానికి గుర్రాలు రాలేదు. గుర్రాల మీద కూర్చునేవాళ్ల బట్టలూ కత్తులూ వచ్చాయి. పెట్టెలకు పెట్టెలు వచ్చాయి. వంపు తిరిగిన కత్తులు, పైకప్పుకి తగిలే ఈటెలు, చెకుముకి రాయి కొడితే పేలే తుపాకులు, ఎర్రటి రొమ్ము ఉన్న నీలం కోట్లు, నెత్తిన పీట బోర్లించినట్టుండే నలుచదరపు టోపీలు. ఆ బట్టలన్నీ మనిషంతేసి బొమ్మలకు తొడిగి హాలు గోడల పొడుగునా నిలబెట్టారు. వీటన్నిటికీ పెద్ద, మా రెక్కలాయన. అంటే ఇనప కవచం తొడుక్కుని, వీపున రెండు పొడుగాటి కర్రలకు ఈకలు గుచ్చుకున్న రౌతు బొమ్మ. ఆ దేశంలో అలాంటివాళ్లు వందల్లో గుర్రాల మీద విరుచుకుపడుతుంటే శత్రువులు కాళ్లకు బుద్ధి చెప్పేవారట. మా రెక్కలాయన ఈకలు పురుగులు తినేశాక పాత క్యూరేటరు ఒకాయన బాతు ఈకలు గుచ్చించాడు. అప్పట్నుంచి ఆయన్ని చూసి చంటిపిల్లలు కూడా జడవలేదు.

ఈ సామానంతా తుడవడం నా పని. కుట్టుమిషను నూనె, పాత లుంగీ గుడ్డ, ఇవే నా పనిముట్లు. మా గోదావరి గాలికి ఇనుము ఊరికే ఉండదు, ఒక్క వానాకాలం వదిలేస్తే బెల్లప్పాకం రంగుకి తిరుగుతుంది. ఇరవై ఏళ్లు తిరగనివ్వలేదు. అన్నేళ్ల తరవాత నన్ను పర్మినెంటు చేస్తున్నామని ఫైలు కదిలింది. అన్ని బల్లలూ దాటింది. పోలీసు వెరిఫికేషను ఒక్కటే మిగిలింది.

"నీ మీద పోలీసులకేం దొరుకుద్దిలే," అంది మా ఆవిడ భూలక్ష్మి. "కోడిని కొయ్యమంటే కళ్లు మూసుకుని మెడ బదులు బొటనవేలు కోసుకున్నోడివి."

సరిగ్గా అప్పుడే ఎన్నికల కోడు వచ్చింది.

కోడు వచ్చిందంటే లైసెన్సు తుపాకులున్న ఆసాములంతా వాటిని తీసుకెళ్లి పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. ఎప్పుడూ ఉన్నదే. ఈసారి పై నుంచి వచ్చిన ఉత్తర్వులో కొత్త ముక్క ఒకటి కలిసింది. "ఆయుధం యొక్క వయస్సు, దేశం, స్థితిగతులతో నిమిత్తం లేకుండా" అని.

మా క్యూరేటరు మార్కండేయులు గారు దాన్ని మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. ఆయన చరిత్రలో డాక్టరేటు. మామూలుగా మాట్లాడ్డం ఆయనకు చేతకాదు.

"అబ్బులూ, మన ఆయుధములు చారిత్రకములే. అయిననూ ఆయుధములే గదా! ప్రభుత్వోత్తర్వు శిరోధార్యము."

"ఎవర్ని పొడుస్తాయండీ అవి? తుపాకీ గొట్టంలో పిచ్చుక గూడు పెట్టిందండి."

"పిచ్చుకకు మినహాయింపు ఉన్నట్లు ఉత్తర్వులో లేదు."

ట్రాక్టరు మాట్లాడాం. ఈటెలు వెనక బారెడు పొడుచుకొస్తుంటే చివర ఎర్రగుడ్డ కట్టాను. దారంట జనం సినిమా షూటింగు అనుకుని హీరో ఎవరని అడిగారు. స్టేషను ముందు దించేసరికి సి.ఐ. దుర్గాదత్తు గారు బయటికి వచ్చారు. మీసం, బెల్టు, పొట్ట, ఈ వరసలో వచ్చారు.

"లైసెన్సు ఏది?"

"లేదండి. మ్యూజియంవండి ఇవి."

"మ్యూజియం అనేది మనిషా? దానికి చేతులున్నాయా? చట్టప్రకారం ఆయుధం ఎవరి చేతుల్లో ఉంటుందో వాడే హోల్డరు. హోల్డరు ఎవరు?"

నేను మార్కండేయులు గారి వైపు చూశాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇన్‌స్పెక్టరు గారూ, నేను వీనిని ఏనాడూ స్పృశించి ఎరుగను. క్యూరేటరు అనువాడు వస్తువును చూడవలెనే గాని ముట్టరాదు. చేతి చెమట లోహమునకు హానికరము. నేను చేరిన నాటినుండి నేటివరకు ఒక్క ఖడ్గమును గూడ తాకలేదని సగర్వముగా మనవి చేయుచున్నాను."

"మరి ఎవరు తాకుతున్నారు?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ రోజు నా చేతులకు కుట్టుమిషను నూనె కూడా ఉంది.

"పెట్టవయ్యా సంతకం," అన్నారు సి.ఐ. గారు. నేను పెట్టాను. అప్పజెప్పినవాడిగా పెడుతున్నాననుకున్నాను. హోల్డరుగా పెట్టానని తరవాత తెలిసింది.

ఇంతటితో ఆగితే బాగానే ఉండేది. మార్కండేయులు గారు సొంత తెలుగులో రాసి, అద్దాల పెట్టెల్లో పెట్టిన అట్టముక్కలు కూడా కత్తులతో పాటు ట్రాక్టరెక్కాయి. పెద్ద కత్తికి కట్టిన అట్టముక్కను సి.ఐ. గారు పైకి చదివారు.

"'ఈ ఖడ్గము అనేకమంది శత్రువుల రక్తమును చవిచూచినది.' ఏంటిది?"

"పొగిడారండి," అన్నాను.

"పొగిడారా? హత్యల్ని రాతపూర్వకంగా పొగిడారా? ఎంతమంది చనిపోయారు?"

"తెలీదండి. ఎవరో టర్కీవాళ్లటండి."

"ఏ ఊళ్లో?"

"వియన్నా అనండి."

"అది ఏ స్టేషను లిమిట్సు?"

నాకు తెలీదన్నాను. 'ముద్దాయి ఘటనాస్థలం వివరాలు దాస్తున్నాడు' అని రైటరు రాసుకున్నాడు. మార్కండేయులు గారు నోరు విప్పుతారేమోనని చూశాను. ఆయన అట్టముక్కలో ఒక దీర్ఘం తప్పుపడిందేమోనని వంగి పరిశీలిస్తున్నారు.

కత్తుల మీద వేలిముద్రలు తీయించారు. జిల్లాకేంద్రం నుంచి నిపుణుడు వచ్చి పొడి చల్లి, బ్రష్షుతో దులిపి, మరో సందేహం లేకుండా తేల్చాడు. పిడుల మీదా, అలుగుల మీదా, ఈటెల మీదా, ప్రతిదాని మీదా నా ముద్రలే. వేరే మనిషి ముద్ర ఒక్కటి లేదు.

"మూడొందల ఏళ్ల కత్తుల మీద నీ ఒక్కడి ముద్రలే ఉన్నాయంటే ఏమిటర్థం?" అన్నారు సి.ఐ. గారు.

"తుడిచానండి."

"అదీ! సాక్ష్యాలు తుడిచేశాడు. రైటరూ, రాసుకో."

ఆ వారమే నన్ను తహశీల్దారు ఇందుమతి గారి ముందు బైండోవరు చేశారు. బైండోవరంటే ఎన్నికల ముందు గొడవలు చేసే రకాల్ని పిలిచి, బుద్ధిగా ఉంటామని రాయించుకోవడం. వరండాలో మా వరసలో కత్తిపీట పండు కూడా ఉన్నాడు. వాడు ఒకప్పుడు చేపల మార్కెట్లో కత్తిపీట పట్టుకుని ఎవణ్నో తరిమాడు. ఆ ఒక్క పరుగు మీద పదేళ్ల పేరు తెచ్చుకున్నాడు.

"నీదేంటన్నా?" అన్నాడు.

"కత్తులు."

"ఎన్ని?"

"ఓ ట్రాక్టరుడు."

వాడు లేచి నాకు బెంచీ మీద చోటిచ్చాడు.

తహశీల్దారమ్మ గారు నెమ్మదస్తురాలు. కాగితాలు చూసి జాలిపడ్డారు కూడా.

"అబ్బులు గారూ, మీరు మంచివారిలాగే ఉన్నారు. కానీ నేను మనిషిని చూడకూడదండి, రిపోర్టును చూడాలి. మండలంలో అందరి ఆయుధాలూ కలిపినా మీ దాంట్లో పదో వంతు లేవు. పైగా విదేశీవి. మిమ్మల్ని వదిలేసి కత్తిపీటాయన్ని బైండోవరు చేస్తే రేపు ఆయన కోర్టుకెళ్తాడు."

"ఎల్తానండి," అన్నాడు పండు వెనక నుంచి.

స్టేషన్లో నా పేరున రౌడీషీటు తెరిచారు. అలా నేను మండలంలో మొదటి నంబరయ్యాను. ఇంకో మండలంలో ఇన్ని కత్తులున్నవాడు లేడు గనక జిల్లాలో కూడా నేనే అయ్యాను. నేనుండేది మ్యూజియం వెనక రేకుల గదిలో. మ్యూజియం హాలేమో ప్రతి ఎన్నికకీ పోలింగు బూతు. జిల్లాలోకెల్లా ప్రమాదకరమైనవాడు బూతు వెనకే కాపురముంటున్నాడని దాన్ని 'అత్యంత సమస్యాత్మకం' అన్నారు. తుపాకులతో జవాన్లు దిగారు. మా భూలక్ష్మి చీపురు పట్టుకుని బయటికొస్తే ఒక జవాను తుపాకీ సర్దుకున్నాడు.

ఊరు మారిపోయింది. మంగలి నా దగ్గర డబ్బులు పుచ్చుకోవడం మానేశాడు. బస్సులో సీటు దొరికేది. ఒక పార్టీ అభ్యర్థి తాలూకు మనిషి కాజాల పెట్టె తెచ్చి, "అబ్బులన్నా, మీ కుర్రాళ్లు ఎవరికి పనిచేస్తున్నారో కాస్త చెప్పాల," అన్నాడు. నాకు కుర్రాళ్లు లేరన్నాను. వాడు కన్నుగీటి, రెండో పెట్టె కూడా పెట్టి వెళ్లాడు.

పోలింగుకి ముందురోజు ఎన్నికల అధికారి ఒకాయన హాలు చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయుధాలు పోయినా పోలండు సైనికులు యూనిఫాంలలో గోడల పొడుగునా నిలబడే ఉన్నారు.

"బూతులో యూనిఫాం ఉన్నవాళ్లు ఉండకూడదు. ప్రిసైడింగు ఆఫీసరు పిలిస్తే తప్ప లోపలికి రాకూడదు. వీళ్లని ఎవరు పిలిచారు?"

"చిన్నరాజా వారండి," అన్నాను.

"బొమ్మలు నేలకు బిగింపబడినవి, కదల్చిన విరిగిపోవును," అన్నారు మార్కండేయులు గారు.

"బొమ్మలు ఉండనివ్వండి. యూనిఫాం తీయండి."

తీశాం. ఆడవాళ్ల క్యూ సరిగ్గా రెక్కలాయన ముందు నుంచి పోతుంది. కట్టుబట్ట లేకుండా ఇంతమంది మగవాళ్లను నిలబెట్టడానికి వీల్లేదని ఆ అధికారే మళ్లీ అన్నారు. చివరికి మా ఇంట్లో లుంగీలు, మా బావమరిది చొక్కాలు, చాలని వాటికి భూలక్ష్మి పాత దుప్పట్లు తెచ్చి కట్టాను. రెక్కలాయనకి పూల లుంగీ దక్కింది.

తెల్లారి పోలింగు మొదలైన కాసేపటికే ఒక ఏజెంటు కుర్చీ తన్ని లేచాడు. "దొంగోట్లండీ! పొద్దున్నుంచి సూత్తన్నాను, ఆ లుంగీవోళ్లు అక్కడ్నించి కదల్లేదు. ఊరోళ్లు కాదు. ఆళ్ల మొహాలే మన మొహాలు కాదు!"

రెండో పార్టీ ఏజెంటు ఊరుకుంటాడా! "మీవోళ్లే అయ్యుంటారు. మీకు ఓట్లు పడకే మాట్టాడ్తన్నావు," అన్నాడు. ప్రిసైడింగు ఆఫీసరు దగ్గరికెళ్లి రెక్కలాయన్ని పేరు అడిగాడు. జవాబు లేదు. 'ఓటు హక్కు వినియోగించుకోవడానికి నిరాకరించారు' అని రాసుకుని, గొడవ సద్దుమణిగిందన్నాడు. ఇద్దరు ఏజెంట్లూ సంతకాలు పెట్టారు.

ఎన్నికలయ్యాయి. ఎవడో గెలిచాడు. తుపాకుల ఆసాములు లైసెన్సులు చూపించి తమవి తాము తెచ్చుకున్నారు. నేనూ వెళ్లాను. కత్తులు స్టేషన్లో మెట్ల కింద, పట్టుబడిన సారా డబ్బాల పక్కన ఉన్నాయి. అప్పటికే అంచులు బెల్లప్పాకంగా తిరుగుతున్నాయి.

సి.ఐ. గారు నన్ను కూర్చోమన్నారు. రౌడీలతో మర్యాదగా ఉండాలని ఆయనకు ట్రైనింగులో చెప్పారట.

"చూడు అబ్బులూ. చట్టం నీకు రెండు దార్లిచ్చింది. ఇవి నావి కావు అని రాసిచ్చావనుకో, అనాథ ఆయుధాలవుతాయి. అనాథ ఆయుధాల్ని వచ్చేవారం పరేడు గ్రౌండులో పరిచి, ఎస్.పి. గారి సమక్షంలో రోడ్డు రోలరు ఎక్కిస్తాం. పేపర్లవాళ్లొస్తారు. నీ షీటు మూసేస్తాను. నీ వెరిఫికేషను కాగితం ఇదిగో, నా సొరుగులోనే ఉంది. 'నడవడిక సంతృప్తికరం' అని రాసి పంపిస్తాను."

"నావే అని రాసిస్తేనండి?"

"అప్పుడు లైసెన్సు వచ్చేదాకా ఇక్కడే భద్రంగా ఉంటాయి. ప్రభుత్వం ముట్టుకోదు. కానీ రౌడీషీటరుకి లైసెన్సు రాదు. ఇన్ని కత్తులున్నవాడికి షీటు పోదు. షీటు ఉన్నవాడికి సర్కారు ఉద్యోగం ఉండదు."

"మ్యూజియంవి అని రాస్తేనండి?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మళ్లీ మొదటికొచ్చావు. చేతులున్నాయా దానికి?"

మార్కండేయులు గారి దగ్గరికి పరుగెత్తాను. పైకి ఒక్క ఉత్తరం రాయండి బాబూ, మీరు డాక్టరేటు అన్నాను. ఆయన నన్ను హాల్లోకి తీసుకెళ్లారు. సైనికులందరికీ మళ్లీ యూనిఫాంలు తొడిగి ఉన్నాయి. చేతుల్లో థర్మాకోలు కత్తులు, పెళ్లి మండపాలు కట్టేవాడి చేత చెక్కించి వెండిరంగు కొట్టించినవి. గోడలకు అసలు కత్తుల ఫొటోలు పెద్దపెద్ద ఫ్లెక్సీలుగా వేలాడుతున్నాయి.

"వస్తువు నశ్వరము, ప్రతిబింబము శాశ్వతము. వీటికి తుప్పు పట్టదు, నూనె అక్కరలేదు, కోడు వచ్చిననూ భయము లేదు. నీవు నిశ్చింతగా మొదటి దారి ఎన్నుకొనుము. పర్మినెంటు అయి, వీటిని కాపలా కాయుము."

"ఏం తుడవాలండి మరి?"

"తుడవనక్కరలేదు. అదియే గదా పురోగతి!"

ఇంటికొచ్చి భూలక్ష్మికి చెప్పాను. అది పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"నావి కావని రాసీ. నీయి కావు కదా నిజంగా. ఆ రాజుగారియ్యి. ఆయన పోయాడు. ఇంకేటి నీకు బాధ?"

"బాధేం లేదు."

"పోలండంటే మీ అమ్మగారి ఊరా?"

"కాదు."

"మరి?"

మరి ఏమిటో నాకూ తెలీదు. పోలండు మీద నాకు ప్రేమేం లేదు. ఆ రాజు మీదా లేదు. బతికుంటే నన్ను గేటు దాటనిచ్చేవాడు కాడు. కానీ రోడ్డు రోలరు కళ్లముందు కదిలింది. చిన్న వంపుకత్తి ఒకటుంది, పిడి మీద బొటనవేలు పెట్టేచోట తోలు అరిగి గుంటపడింది. ఎవడి వేలో. తుడిచేటప్పుడు నా వేలు కూడా సరిగ్గా అక్కడికే పోయేది. ఇరవై ఏళ్లు తుడిచినవాటిని అరగంటలో రోలరు తొక్కేస్తే, ఇరవై ఏళ్లూ నేనేం చేసినట్టు? పర్మినెంటు అయి, అప్పుడు మాత్రం ఏం పీకినట్టు?

ఈ మాటలు భూలక్ష్మికి చెప్పలేదు. "అన్నం పెట్టు," అన్నాను. అది నా మొహం చూసి గరిట నేలకేసి కొట్టింది. "రాసేత్తావు. నావే అని రాసేత్తావు. నాకు తెల్దా! కోడిని కొయ్యలేనోడు రౌడీ అయ్యాడని ఊళ్లో నవ్వుతుంటే ఇన్నాళ్లూ నేనూ నవ్వేను. ఇహ ఏడవాల." అన్నం మాత్రం పెట్టింది. పులుసు కూడా పోసింది.

మర్నాడు వెళ్లి, నావే అని రాసిచ్చాను.

చట్టం తన పని తాను చేసుకుపోయింది. పర్మినెంటు ఫైలు మూతపడింది. ఆయుధాలున్నచోట రౌడీషీటరు ఉండకూడదని రోజుకూలీ ఉద్యోగమూ తీసేశారు. ఏం ఆయుధాలండీ, థర్మాకోలువి కదా అంటే, ఉత్తర్వులో స్థితిగతులతో నిమిత్తం లేదని మార్కండేయులు గారు గుర్తుచేశారు. రేకుల గది ఖాళీచేశాం. ఇప్పుడు కొబ్బరిపీచు మిల్లులో చేస్తున్నాను. రౌడీషీటరుని పొమ్మంటే ఏం ముంచుకొస్తుందోనని మిల్లు ఓనరు అడిగిన వెంటనే పనిచ్చాడు. భూలక్ష్మి నాతో మాట్లాడ్డం మానేసి కొన్నాళ్లయ్యాక, మాట్లాడకుండా తిట్టడం కుదరక మళ్లీ మొదలుపెట్టింది.

షీటు ఉన్నవాడు ఆదివారం ఆదివారం స్టేషనుకెళ్లి కనపడాలి. కౌన్సెలింగు ఉంటుంది. మమ్మల్నందర్నీ వరసగా కూర్చోబెట్టి, ఆయుధం మనిషిని మృగం చేస్తుందని సి.ఐ. గారు చెబుతారు. ఒక ఆదివారం ఎస్.పి. గారి తనిఖీ ఉందని హడావిడిగా ఉన్నారు. మెట్ల కింద చూసి, "ఇంత తుప్పేంటి? ఎవడయ్యా వీటి హోల్డరు?" అని కేకేశారు. చెయ్యెత్తాను. "తుడువు!" అన్నారు.

ఆ రోజు నుంచి తుడుస్తున్నాను. కుట్టుమిషను నూనె భూలక్ష్మే పంపిస్తుంది, సీసా విసిరినట్టు పెట్టి. ఆయుధాలున్నచోటికి నేను పోకూడదు గనక మ్యూజియానికి పోను. ఆయుధాలున్నచోటికి ప్రతి ఆదివారం తప్పకుండా పోవాలి గనక స్టేషనుకి పోతాను.

మ్యూజియంలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పేది చివరిదాకా విన్నవాడు లేడు. పిల్లలు బెల్లు కొట్టేసరికి పరుగెత్తేవారు, పెద్దవాళ్లు బాత్రూము ఎటని అడిగేవారు. ఇక్కడ కౌన్సెలింగు అయ్యేదాకా ఎవడూ కదలకూడదు. మొన్న నేను వంపుకత్తి ఒళ్లో పెట్టుకుని రుద్దుతుంటే కత్తిపీట పండు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మిగతావాళ్లు జరిగి వచ్చారు.

"ఈళ్లు గెలిచేరా అన్నా, ఓడేరా?"

"మొదట్లో గెలిచారు. తరవాత చుట్టుపక్కల రాజులు ముగ్గురు కలిసి దేశాన్ని ముక్కలు చేసి పంచేసుకున్నారు. నూరేళ్లకి పైగా మ్యాపులో ఆ పేరే లేదు."

"పేరే లేదా?"

"లేదు."

పండు కత్తి పిడి మీదికి వంగాడు. వేలు పెట్టబోయి, ముట్టుకోవచ్చా అన్నట్టు నా వైపు చూసి, లుంగీకి చెయ్యి తుడుచుకుని అప్పుడు పెట్టాడు. సరిగ్గా ఆ గుంటలోకే పోయింది వాడి వేలు.

"మరి దేశమే లేనప్పుడు ఇయ్యన్నీ ఎవడి పేరు మీదున్నాయన్నా?"

"ఎవడో రౌడీషీటరు పేరు మీద ఉండుంటాయిరా," అన్నాను. "ఆ గుడ్డ ఇలా ఇయ్యి."